పైలట్ అని రాసిన సీసా

ఆ పొద్దున విషాలమ్మ ల్యాబ్ మెట్లెక్కబోతుంటే, గేటు పక్క సిమెంటు బెంచీ మీద కూర్చున్న మనిషి లేచి ఎదురొచ్చింది. నలభైకి ఇంకా చాలా దూరంలో ఉన్న మనిషి. చేతిలో సంచీ లేదు, గొడుగు లేదు. రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

"మా ఆయన రక్తం చూసింది మీరేనా అండీ?" అంది.

విషాలమ్మ మెట్టు మీద వేసిన కాలు వెనక్కి తీసుకుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎందరి రక్తమో చూసింది గానీ, ఆ రక్తం తాలూకు మనుషులు ఎదురొచ్చి ఇలా నిలదీయడం ఇదే మొదలు.

నిజానికి ఆమె పేరు విషాలమ్మ కాదు. ప్రమాదాల్లో పోయినవాళ్ళ ఒంట్లో ఏ మందులున్నాయో, ఏ విషాలున్నాయో చూసి చెప్పడం ఆమె పని. చేరిన కొత్తలో ఎవడో కొంటెవాడు విశాలమ్మ అనే మాటలో అక్షరం మార్చి అలా పిలిచాడు. అది కాస్తా అతుక్కుపోయింది. ఇప్పుడు జీతాలు వేసే గుమాస్తాకి తప్ప ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అసలు పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే ఆమే ఓ క్షణం ఆగి, ఎవర్నా అని చూస్తుంది.

"మీరూ..."

"పైలట్ భార్యని."

ఏ పైలట్ అని అడగక్కర్లేకపోయింది. ఊళ్ళో ఇప్పుడు పైలట్ అంటే ఒక్కడే. అంబులెన్స్ విమానం ఒకటి, గుండె జబ్బు మనిషిని పెద్దాసుపత్రికి తీసుకెళ్తూ, మంచులో కొండవాలుకి గుద్దుకుని కాలిపోయింది. ముగ్గురూ పోయారు. స్ట్రెచర్ మీద పడుకున్న పేషెంటు, అతని పక్కన మగ నర్సు, ముందు సీట్లో పైలట్.

"నేను మీతో మాట్లాడకూడదమ్మా" అంది విషాలమ్మ. "మాకు అలా రూలుంది."

"మీరు మాట్లాడొద్దు. నేను మాట్లాడతాను." గొంతు పెంచలేదు. "పన్ను పీకించుకొచ్చిన రోజు కూడా మాత్ర మింగలేదండీ ఆయన. మింగితే డ్యూటీకి రానివ్వరని దవడ పట్టుకుని తెల్లార్లూ కూర్చున్నాడు. అలాంటివాడు మత్తు ఇంజెక్షన్ చేసుకుని విమానం ఎక్కాడట. పేపర్లో ఇంతింత అక్షరాలతో వేశారు. మా పాప స్కూలుకి వెళ్ళనని మంచం దిగడం లేదు. మొన్న సమాధి దగ్గరికి వెళ్తే రాయంతా నల్లటి నూనె. పై నుంచి కింద దాకా ఎవరో కుమ్మరించి పోయారు. పేరు కూడా కనిపించడం లేదు."

విషాలమ్మ చూపు మెట్ల వైపు తిప్పుకుంది.

"మీరు అబద్ధం చెప్పారని నేననటం లేదు. ఇంకోసారి చూడండి అంటున్నాను. అంతే."

"చూస్తాం" అని లోపలికి వెళ్ళిపోయింది విషాలమ్మ. మెట్ల మలుపులో ఆగి వెనక్కి చూస్తే ఆ మనిషి మళ్ళీ బెంచీ మీద కూర్చుంది, బస్సు కోసం కూర్చున్నట్టు.

పేపరుకెక్కిన ఆ ముక్క విషాలమ్మ నుంచి వెళ్ళిందే. అదే ఆమెని లోలోపల కొరుకుతోంది. మొదట చేసేది జల్లెడ పట్టడం లాంటి పరీక్ష. ఫలానా జాతి మందు ఉందా లేదా అంతవరకే అది చెప్తుంది. నిద్రమత్తు మందు ఉందని వచ్చింది. ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టింది. అసలు పరీక్ష ఇంకా మిగిలే ఉందని కింద రాసింది కూడా. ఆ కింది మాటని వదిలేసి పై మాట మాత్రం ఎవరి నోట్లోంచో జారి, కాళ్ళొచ్చి, ఊరంతా తిరిగింది.

కోటు తొడుక్కుని చల్లగది తలుపు లాగింది. తెల్లటి పొగ పాదాల మీదికి పాకింది. అరలో రెండు చిన్న ప్లాస్టిక్ సీసాలు. ఒకదాని మీద 'పైలట్, కాలేయం', ఇంకోదాని మీద 'పైలట్, తొడ కండ'. మంట రక్తాన్ని మిగల్చలేదు. కట్టెలా కాలిన ఒంటి లోపలి నుంచి మార్చురీ డాక్టరు తీసి ఇవ్వగలిగింది ఇంతే.

పక్షిపిల్లల్ని పట్టుకున్నంత మెల్లగా పట్టుకుని బల్ల మీదికి తెచ్చింది. కరిగేదాకా ఆగి, బ్లేడుతో కాలేయంలోంచి గోరంత ముక్క కోసి, తూకం వేసి, చిన్న గొట్టంలో వేసి రుబ్బింది. ముదురు గోధుమరంగు గుజ్జు అయింది. దాన్ని గిరగిరా తిప్పే యంత్రంలో పెట్టి, పైకి తేలిన తేట నీటిని తీసి, సన్నటి గొట్టాల్లోంచి చుక్క చుక్కగా దించింది. ఈ పనిలో తొందర పనికిరాదు. చుక్క దానంతట అది పడాలి. కొత్తగా చేరినవాళ్ళు గొట్టాన్ని తడుతూ ఉంటే ఆమె వాళ్ళ వేళ్ళ మీద కొట్టేది. చివరికి అడుగున మిగిలిన తడిని సన్నటి గాలితో ఆరబెట్టి, ఆ కంటికి కనిపించని పొరని మళ్ళీ నాలుగు చుక్కల్లో కరిగించి మెషిన్‌కి అప్పగించింది.

మెషిన్ తెర మీద గీత నేల మీద పాకుతున్నట్టు సాగుతుంది. ఒంట్లో ఏదైనా మందు ఉంటే దాని వంతు రాగానే గీత కొండలా లేచి దిగుతుంది. ఏ కొండ ఏ మందుదో విషాలమ్మకి ఊళ్ళో బస్టాపుల్లా తెలుసు.

నిద్రమత్తు మందు లేచింది. అనుకున్నదే. చాలానే ఉంది. ఇంత మందు ఒంట్లో పెట్టుకుని విమానం నడపడం మాట అటుంచి, చెంచా పట్టుకోవడం కూడా కష్టం. అయ్యో తల్లీ, నీ మొగుడు నీకు తెలియకుండానే, అనుకుంది విషాలమ్మ.

అంతలో ఇంకో కొండ లేచింది. గుండె లయ తప్పకుండా ఇచ్చే మందు. ఆమె కుర్చీ ముందుకి జరుపుకుంది. ఆ మందు సంగతి ఆమెకి బాగా తెలుసు. ఇవాళ మింగితే రేపు పోయేది కాదు, కాలేయంలో కొంచెం కొంచెంగా పేరుకుంటుంది. ఇంత పేరుకోవాలంటే ఏళ్ళు మింగి ఉండాలి. పైలట్లకి గుండె పరీక్ష ఏటేటా చేస్తారు. ఏళ్ళ తరబడి ఎలా దాచాడు?

దాని వెనకే రక్తం పలచబడే మందు. దాని వెనక కాస్త ఆలస్యంగా, సిగ్గుపడుతూ వచ్చినట్టు, చిన్న కొండ ఇంకోటి. మగవాళ్ళకి వయసు మళ్ళాక మూత్రం సాఫీగా రావడానికి ఇచ్చే మందు.

విషాలమ్మకి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ నవ్వు ముఖం మీదే ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

ఉత్త నీళ్ళు పెట్టి మెషిన్ తిప్పింది. గీత పాకింది తప్ప లేవలేదు. అంటే మెషిన్ శుభ్రంగానే ఉంది. ఇంకో శాంపిల్ తాలూకు మురికి అంటుకుందేమోనని గొట్టాలన్నీ కొత్తవి తీసి, ఈసారి తొడ కండతో మొదటి నుంచీ మొదలుపెట్టింది. మధ్యాహ్నం భోజనం డబ్బా తెరవనేలేదు. గది చల్లగా ఉంది, యంత్రాలు ఒకే శ్రుతిలో మూలుగుతున్నాయి. కిటికీ అవతల ఎండ. మళ్ళీ అవే కొండలు, అదే వరసలో, కొంచెం పొట్టిగా.

కొండ తర్వాత కొండ లేస్తుంటే అక్కడ తెర మీద ఒక మనిషి తయారవుతున్నట్టనిపించింది. పైలట్ కాదు. బాగా వయసైన మనిషి. మెట్లెక్కితే ఆయాసపడే మనిషి. చిన్న గాయమైనా రక్తం ఆగక తంటాలు పడే మనిషి. పడుకున్నాక మాటిమాటికీ లేచే మనిషి. ఆసుపత్రి వరండాలో తన వంతు కోసం ఓపిగ్గా కూర్చున్నట్టు, వెనక స్టూలు మీద కూర్చుని తన వీపుకేసి చూస్తున్నాడనిపించి విషాలమ్మ గిరుక్కున తిరిగింది. స్టూలు మీద ఆమె చేతిసంచీ ఉంది.

"ఎవరు నువ్వు?" అంది పైకే, సీసా వైపు తిరిగి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

*

ఇంటికెళ్ళినా ఆ మనిషి వదల్లేదు. భోజనాలయ్యాక మామగారు ప్లేటు పక్కకి జరిపి మందుల డబ్బా ముందుకి లాక్కున్నారు. రోజూ జరిగేదే. కానీ ఆ వేళ విషాలమ్మ చేతిలోని గ్లాసు అలాగే పట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

"ఇది గుండెకి" అని ఆయన ఒకటి బల్ల మీద పెట్టారు. "ఇది రక్తానికి. ఇది..." అని కొడుకు వైపు చూసి, కోడలి వైపు చూసి, "ఇది మీకు సంబంధం లేనిది" అని నోట్లో వేసుకున్నారు.

భర్త నవ్వాడు. విషాలమ్మ నవ్వలేదు. ఆ మూడింటినీ పొద్దుటి నుంచీ చూస్తోంది తను. అదే జట్టు, అదే వరస. బల్లకి అవతల బతికున్న ముసలాయన మంచినీళ్ళు తాగి మూతి తుడుచుకుంటున్నాడు. ఈయన కాలేయం కోస్తే కనిపించేది అదే. ఆ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందోగానీ వచ్చాక పోదు.

"ఏంటమ్మా అలా చూస్తావ్? పోయినవాణ్ణి చూసినట్టు" అన్నారు మామగారు.

"మామయ్యగారూ, ఈ మూడూ కలిపి ఎవరికిస్తారు?"

"నాలాంటి పాతబండికి. ఇంకెవరికిస్తారు? నా ఈడువాళ్ళు పార్కులో కూర్చుంటే అందరి జేబుల్లోనూ ఇవే."

"ముప్పై ఎనిమిదేళ్ళవాడికి?"

"వాడికెందుకే? వాడు హాయిగా విమానం నడుపుకుంటాడు" అన్నారాయన, ఏదో మాటకి.

విషాలమ్మ గ్లాసు కింద పెట్టేసింది. స్ట్రెచర్ మీద పడుకున్న పేషెంటు కళ్ళ ముందు మెదిలాడు. గుండె జబ్బు. ముసలాయన. దారిలో గింజుకోకుండా నర్సు మత్తు ఇంజెక్షన్ చేసి ఉంటాడు. ఎవరికి చెయ్యాలో వాళ్ళకే చేశాడు.

*

ల్యాబ్ డైరెక్టరుని అందరూ పెద్దాయన అంటారు. మంచివాడే. రిటైరయ్యేలోపు ఇంకే గొడవా రాకూడదని దేవుణ్ణీ మనుషుల్నీ కూడా బతిమాలుకునే రకం. విషాలమ్మ చెప్పింది మొత్తం విని, కళ్ళద్దాలు తీసి, వాటిని తుడవకుండా చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

"ఇంకోసారి చెప్పండి."

"పైలట్ అని రాసిన సీసాలో ఉన్నది పైలట్ కాదు సార్. పేషెంటు."

"సీసాలు తారుమారయ్యాయంటారు."

"సీసాలే అయితే బాగుండును. సీసాలోది ఏ ఒంట్లోంచి తీశారో, ఆ ఒంటినే పైలట్ అని పెట్టెలో పెట్టి ఇచ్చారు కదా."

పెద్దాయన కళ్ళద్దాలు బల్ల మీద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా, "రెండు కుటుంబాలూ మట్టి చేసేశాయి" అన్నాడు. "పెట్టెలు తెరవొద్దని చెప్పి ఇచ్చారు. తెరవడానికేం మిగల్లేదని. ఇప్పుడిప్పుడే వాళ్ళ కళ్ళు ఆరుతున్నాయి. ఇప్పుడెళ్ళి, మీరు దణ్ణం పెట్టుకునేది మీవాడికి కాదు అని చెప్తారా?"

"ఆవిడ కళ్ళు ఆరలేదు సార్. మన గేటు దగ్గరే కూర్చుంది. మన జల్లెడ పరీక్ష ఆయన్ని మత్తుమనిషిని చేసింది."

"మన తప్పు కాదు. మార్చురీది."

"సంతకం నాది."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "ఈ మధ్య మీ నోట ఒక్క మంచి కబురూ వినలేదమ్మా నేను" అన్నాడు విసుగ్గా. కానీ ఆ మాట అంటూనే ఫోను దగ్గరికి లాక్కున్నాడు.

విమాన ప్రమాదాల్లో మందుల పరీక్ష నడిపినవాళ్ళకే చేస్తారు, ఎక్కినవాళ్ళకి చెయ్యరు. అందుకే పేషెంటు శాంపిల్ మార్చురీ చల్లపెట్టెలో అలాగే పడి ఉంది. సాయంత్రానికి వచ్చింది. 'పేషెంటు, కండ' అని అంటించి ఉంది. విషాలమ్మ తలుపు వేసుకుని కూర్చుంది. రుబ్బింది, తిప్పింది, చుక్కలు దించింది. ఈసారి తనకి తెలియకుండానే గొట్టాన్ని తట్టబోయి వేలు వెనక్కి తీసుకుంది.

గీత మొదలైంది. నిద్రమత్తు మందు రావలసిన చోటు వచ్చింది. గీత అలాగే పాకింది. గుండె మందు చోటు దాటింది. రక్తం మందు చోటు దాటింది. చచ్చేముందు ఇంజెక్షన్ చేయించుకున్న జబ్బుమనిషి కండలో ఒక్క మందూ లేదు. ఎక్కడో మొదట్లో మాత్రం ఒక బుల్లి గుట్ట లేచి దిగింది. కాఫీలో ఉండే పదార్థం. అంతే. ఇంత ఖాళీ గీత ఈ మెషిన్ మీద ఆమె ఏనాడూ చూడలేదు. తలనొప్పి మాత్రో, జలుబు మాత్రో, నిన్నటిదో మొన్నటిదో ఏదో ఒకటి ప్రతి మనిషిలోనూ మిగిలే ఉంటుంది. ఈ మనిషి ఒళ్ళు మాత్రం తుడిచిపెట్టిన నేలలా ఉంది.

పన్ను పీకించుకుని దవడ పట్టుకుని కూర్చున్నవాడు ఈయనే. విషాలమ్మకి ఎందుకో లేచి నిలబడాలనిపించింది. నిలబడింది.

మందులు చెప్పిన మాట సరిపోదు. ఒంటి పోలికల పరీక్ష, అదే డీఎన్ఏ, కూడా కావాలి. ఆ గదిలో పనిచేసేవాణ్ణి జిగురు అంటారు, ఏ పని పట్టుకున్నా వదలడని. పైలట్ కూతురి బుగ్గ లోపలా, పేషెంటు కూతురి బుగ్గ లోపలా దూదిపుల్లతో తీసి తెప్పించారు. దర్యాప్తు కోసం అని మాత్రం చెప్పారు. జిగురు ఫలితం పట్టుకుని వచ్చినప్పుడు అలవాటైన వెటకారమేదీ లేదు మొహంలో.

"నువ్వు చెప్పినట్టే ఉందక్కా" అన్నాడు. "అటు మనిషి ఇటు, ఇటు మనిషి అటు. నర్సు మాత్రం నర్సే." కాసేపు ఆగి, "స్ట్రెచర్ పట్టీలు తెగి ముందుకి జారిపోయిందట. ముందు సీట్ల దగ్గర దొరికినవాడు పైలట్ కాక ఎవరవుతాడని అనుకున్నారు. పైలట్ అద్దంలోంచి ఎగిరి, కాస్త దూరంలో కాలుతున్న రెక్క కింద పడ్డాడు. ఊహించాల్సిందే కదా. కానీ ఎవరూ ఊహించలేదు" అన్నాడు.

*

చెప్పాల్సిన పని దర్యాప్తు అధికారిది. కానీ మందుల సంగతి విడమర్చి చెప్పడానికి విషాలమ్మ ఉండాలని పెద్దాయన పట్టుబట్టి, తనూ వచ్చి కూర్చున్నాడు. కిందంతస్తులో మీటింగు గది. పొడుగు బల్ల, దాని మీద మంచినీళ్ళ సీసాలు. పైలట్ భార్య ముందే వచ్చి చివరి కుర్చీలో కూర్చుంది. పేషెంటు కూతురు వచ్చీ రాగానే గుమ్మంలో ఆగిపోయింది.

గట్టి ఒళ్ళు, పొట్టి జుట్టు. మోటారు సైకిళ్ళు బాగుచేసే షెడ్డు ఉందట ఆమెకి, పని మధ్యలో లేచి వచ్చినట్టుంది.

"ఈవిడున్న గదిలో నేను కూర్చోను" అంది. "మా నాన్న గుండె బాగుచేయించుకుందామని వెళ్ళాడు. మత్తులో తూగుతున్నవాడి చేతిలో పెట్టి పంపించాం. ఈవిడతో నాకేం పని?"

పైలట్ భార్య తల దించుకుంది.

"రెండు నిమిషాలు కూర్చోమ్మా" అంది విషాలమ్మ. "నీకు కోపం ఎవరి మీద రావాలో విన్నాక నువ్వే చెప్పు."

ఆమె కూర్చోలేదు. గోడకి ఆనుకుని నిలబడింది. దర్యాప్తు అధికారి గొంతు సవరించుకుని ఏదో మొదలుపెట్టి, తప్పు మాటలు ఏరుకుంటూ తడబడుతుంటే, విషాలమ్మే అందుకుంది. మీ నాన్నగారు ఏ మందులు వాడేవారని అడిగింది. కూతురు విసురుగా చెప్పింది. గుండెకొకటి, రక్తం పలచబడ్డానికొకటి, పడుకున్నాక లేవకుండా ఒకటి. అవే మూడూ, దారిలో చేసిన ఇంజెక్షనూ, పైలట్‌దని ఇచ్చిన ఒంట్లో కనిపించాయని చెప్పింది విషాలమ్మ. పేషెంటుదని ఇచ్చిన ఒంట్లో ఏ మందూ లేదని చెప్పింది. పోలికల పరీక్ష కూడా అదే అందని చెప్పింది. ఎక్కడా మాట మెత్తన చెయ్యలేదు, అలాగని తొందరపడనూ లేదు. చుక్క చుక్కగా దించింది.

బయట వరండాలో ఎవరో చీపురు ఈడుస్తున్నారు.

పైలట్ భార్య ముందు తేరుకుంది. "అయితే ఆయన మత్తులో లేడు" అంది.

"లేడు."

"అయితే మరి నేను..." ఆగిపోయింది. "రోజూ సాయంత్రం వెళ్ళి కూర్చుంటున్నానే. అక్కడున్నది..."

"ఈవిడ నాన్నగారు" అంది విషాలమ్మ.

గోడకి ఆనుకున్న కూతురు మెల్లగా కిందికి జారి, కుర్చీ ఉండగానే నేల మీద కూర్చుండిపోయింది. రెండు చేతులూ ముందుకి చాచి చూసుకుంది. గోళ్ళ చుట్టూ నల్లగా, ఎంత కడిగినా పోని ఇంజన్ నూనె.

"రెండు వరసల అవతల" అంది. "మా నాన్న రాయికి రెండు వరసల అవతలే ఆ రాయి. రోజూ దాన్ని దాటుకునే వెళ్ళేదాన్ని. పేపర్ చూసిన రోజు షెడ్డులో పీపా నిండా పాతనూనె ఉంది. అదే డబ్బాతో ముంచుకుని వెళ్ళాను." అరచేతుల్ని ఒకదానికొకటి రాసుకుంది. "నేనే పోశాను. మొహం మీద పోస్తున్నాననుకుని పోశాను. అది మా నాన్న..."

ఎవరూ ఆమె దగ్గరికి వెళ్ళలేదు. ఏమని వెళ్తారు?

"పోసి, తిన్నగా ఇవతలికొచ్చి కూర్చుని చెప్పాను కూడా. నాన్నా, నిన్ను చంపినవాడికి బుద్ధి చెప్పి వచ్చాను, అని. అక్కడ వింటున్నది..." అని పైలట్ భార్య వైపు చూడబోయి, చూడలేక మొహం చేతుల్లో పెట్టుకోబోయి, ఆ చేతుల్ని చూసి మధ్యలోనే ఆపేసింది.

పైలట్ భార్య లేచింది. ఆమె ఏం చేస్తుందోనని పెద్దాయన సగం లేచాడు. ఆమె బల్ల మీది మంచినీళ్ళ సీసా ఒకటి తీసి, మూత తిప్పి, నేల మీద కూర్చున్న మనిషి పక్కన పెట్టి, మళ్ళీ తన కుర్చీలో వచ్చి కూర్చుంది. తర్వాత విషాలమ్మని అడిగింది.

"ఆయన ఒంట్లో అసలేం లేదా అండీ? ఏమీనా?"

"కాఫీ ఉందమ్మా. కొంచెం."

"సగం కప్పు" అంది. కళ్ళల్లో నీళ్ళు నిండినా మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. "ఫోనొచ్చిందని సగం వదిలేసి పరిగెత్తాడు. మిగిలింది నేను తాగాను."

దర్యాప్తు అధికారి మెల్లగా అసలు విషయానికొచ్చాడు. కావాలంటే తవ్వించి పెట్టెలు మార్పించే ఏర్పాటు చేస్తామన్నాడు, ఖర్చంతా తమదేనన్నాడు. ఇద్దరూ ఒకరి వైపొకరు చూసుకోకుండానే అడ్డంగా తలూపారు.

"పడుకున్నవాళ్ళని లేపొద్దు" అంది కూతురు నేల మీది నుంచే. "రాళ్ళు మార్చండి చాలు."

*

పేపరువాళ్ళు తప్పు దిద్దుకున్నారు. లోపలి పేజీలో, పెళ్ళిసంబంధాల ప్రకటనల పైన, వేలెడంత. విషాలమ్మ మామగారు కళ్ళద్దాలు సవరించుకుని దాన్ని రెండుసార్లు చదివి, "మొదటిది ఇంత, రెండోది ఇంతా!" అని వేళ్ళతో చూపించారు. పైలట్ కూతురు ఆ ముక్క కత్తిరించి జామెట్రీ పెట్టెలో పెట్టుకుని స్కూలుకి వెళ్ళిందని జిగురు ఎక్కడో విని వచ్చి చెప్పాడు.

రాళ్ళు మార్చే రోజు విషాలమ్మ వెళ్ళనక్కర్లేదు. అది ఆమె పని కాదు. అయినా సెలవు పెట్టి వెళ్ళింది. మబ్బు పట్టిన పొద్దుటి పూట. పనివాళ్ళు గునపాలతో రెండు రాళ్ళనీ కదిల్చి, తాళ్ళు కట్టి, చెక్కదుంగల మీద దొర్లిస్తున్నారు. రెండు రాళ్ళూ దారి మధ్యలో ఎదురుపడినప్పుడు ఒకటి ఆగి ఇంకోదానికి దారిచ్చింది, సన్నటి సందులో ఎదురైన మనుషుల్లా. విషాలమ్మ తనూ ఓ అడుగు పక్కకి జరిగింది.

పైలట్ రాయిని కొత్తచోట నిలబెట్టకముందే పేషెంటు కూతురు దాని ముందు గొంతుక్కూర్చుంది. బకెట్టు, కిరసనాయిలు సీసా, ఇనప బ్రష్షు తెచ్చుకుంది. ఒక్క మాట మాట్లాడకుండా రుద్దడం మొదలుపెట్టింది. నూనె ముందు మెరిసింది, తర్వాత కరిగి చారలుగా కారింది. అక్షరం తర్వాత అక్షరం పైకి తేలింది. చెక్కిన సందుల్లో ఇరుక్కున్నదాన్ని గుడ్డ చివర పిన్నీసుకి చుట్టి తీసింది, కార్బురేటర్ శుభ్రం చేసినంత శ్రద్ధగా. పైలట్ భార్య ఖాళీ అయిన బకెట్టు పట్టుకెళ్ళి కొళాయి దగ్గర నింపుకొచ్చింది. మళ్ళీ పట్టుకెళ్ళింది. మళ్ళీ తెచ్చింది.

పనివాళ్ళు వెళ్ళిపోయారు. ఇద్దరాడవాళ్ళూ ముసలాయన రాయి నిలబెట్టిన కొత్తచోట కాసేపు నిలబడ్డారు. విషాలమ్మ కాస్త ఎడంగా నిలబడింది.

"మీ నాన్నగారికి మా ఇంటి గొడవలన్నీ తెలుసు" అంది పైలట్ భార్య ఉన్నట్టుండి.

కూతురు తలెత్తి చూసింది.

"రోజూ చెప్పేదాన్నిగా. పాప లెక్కల్లో తప్పిందని, మా అత్తగారు మాట్లాడ్డం మానేసిందని, వంటింట్లో కొళాయి కారుతోందని. ఒకరోజు బాగా తిట్టాను కూడా. ఎందుకెళ్ళావ్, ఆ రోజు నీ డ్యూటీ కాదుగా, ముసలాయన ఎవరో పోతే పోయాడు నీకేం, అని." గొంతు తగ్గింది. "ఆయన్నే పట్టుకుని అన్నానన్నమాట ఆ మాట."

కూతురు రాయి వైపు తిరిగింది. చేతిలో తడిగుడ్డ పిండి, మళ్ళీ విప్పి, మళ్ళీ పిండింది.

"మా నాన్నకి ఒక చెవి పనిచెయ్యదు" అంది. "ఎడమది. మీరెటు పక్క కూర్చునేవారు?"

పైలట్ భార్య గడ్డి నలిగిన చోటు చూపించింది, ప్రహరీ గోడ వైపు.

కూతురు రాయికి వీపు తిప్పి నిలబడింది. తనే వెల్లకిలా పడుకున్నట్టు ఒకసారి ఊహించుకుంది. గోడ వైపున్న చెయ్యి కొంచెం పైకెత్తి, ఏ చెయ్యో చూసుకుంది.

"కుడి" అంది. "అయితే అంతా విన్నాడు."